అడగని ధర

మా బావ చెయ్యి ఆగిపోయిన రోజు నేను ముందు చిత్రికనే అనుమానించాను.

అతను బల్ల మీద పలక పెట్టి చిత్రిక పడుతున్నాడు. పొట్టు చుట్టలు చుట్టలుగా లేస్తోంది. సగం దాకా వెళ్ళిన చిత్రిక అక్కడే నిలబడిపోయింది. "పట్టేసింది" అన్నాడు. నేను వెళ్ళి చిత్రిక తిరగేసి చూశాను. బ్లేడు పదునుగానే ఉంది. పలకలో ముడి కూడా లేదు. తలెత్తి చూస్తే బావ చెయ్యి ఇంకా ముందుకే చాచి ఉంది, వెనక్కి రావడం లేదు. ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకుని, మొరాయించే పిల్లాణ్ణి బడికి తీసుకెళ్ళినట్టు, మెల్లగా కిందికి దించుకున్నాడు.

"చిత్రిక కాదురా, నేనే పట్టేశాను" అన్నాడు.

బావంటే మా అక్క మొగుడు. ఇద్దరం ఒకే షాపులో ముసలివాళ్ళమయ్యాం. రంపం, చిత్రిక అతనివి. కొలతలు, పలకని పలకలో దూర్చే కుసులు, బెజ్జాలు నావి. మాటలన్నీ అతనివే. నేను పని చేసేటప్పుడు మేకులు పెదాల మధ్య పెట్టుకుంటాను, తీసుకోవడానికి వీలుగా. అందుకని నాకు మేకుల నోరని పేరు పెట్టాడు. షాపుకొచ్చిన వాళ్ళతో, బేరం నాతో మాట్లాడండి, మా బామ్మర్ది నోరు తెరిస్తే మీకు గుచ్చుకుంటాయి అంటాడు. మేకులు లేనప్పుడు కూడా నేను పెద్దగా మాట్లాడేదేమీ ఉండదు. ఆ సంగతి అతనికీ తెలుసు.

నాలుగు రోజులు తైలం రాసుకున్నాడు. తగ్గలేదు. చొక్కా గుండీలు మా అక్కే పెట్టేది. తల కూడా ఆవిడే దువ్వేది. పెళ్ళైన కొత్తలో కూడా ఇంత సేవ చేయలేదని బావ నవ్వించడానికి చూశాడు. అక్క నవ్వలేదు. రాత్రిళ్ళు ఆ భుజం మీదికి ఒత్తిగిలలేక కూర్చునే నిద్రపోతున్నాడని నాతో చెప్పింది.

షాపులో నేనొక్కణ్ణే మిగిలాను. మందుల షాపాయన కొత్త అరల పని ఒప్పజెప్పి ఉన్నాడు. పలకలన్నీ చిత్రిక పట్టాలి. నేను పడితే అలలు అలలుగా వస్తుంది. బావ పట్టిన పలక మీద నీళ్ళు పోస్తే ఎటు పోవాలో తెలియక నిలబడతాయి. అతని చెయ్యి లేకపోతే మా షాపు లేదు. అది ఇద్దరికీ తెలుసు, ఇద్దరం పైకి అనలేదు.

అప్పుడు నేనే అన్నాను, మన పిల్ల ఆసుపత్రికి పోదామని.

మన పిల్లంటే నా కూతురు. తల్లి పోయాక అక్కా బావా పెంచారు. నేను కన్నానన్న మాటే గానీ, దానికి జ్వరమొస్తే భుజాన వేసుకుని తిరిగింది బావ. జడ వేసింది అక్క. చదువుకుని ఊళ్ళోని పెద్ద ఆసుపత్రిలో మందుల స్టోర్‌లో ఉద్యోగం తెచ్చుకుంది. బయటినుంచి వచ్చే మందుల పెట్టెలు విప్పి, లెక్క చూసి, వార్డులకు పంపే పని. ఇప్పుడు నేనూ అదీ ఆసుపత్రి దగ్గర రెండు గదుల ఇంట్లో ఉంటాం. నేను మాట్లాడనన్నాను గానీ, ఆ పిల్ల ఉద్యోగం గురించి మాత్రం మాట్లాడేవాణ్ణి. షాపుకొచ్చిన వాళ్ళు కుర్చీ గురించి అడిగితే ఆసుపత్రి గురించి చెప్పేవాణ్ణి. మీకేం కష్టమొచ్చినా అక్కడికి పొండి, మా అమ్మాయి ఉంది, మనవాళ్ళని బాగా చూస్తారు అని ఎంతమందికి చెప్పానో.

బావ మొదట సరేననలేదు. పెద్ద ఆసుపత్రి, పెద్ద బిల్లు అన్నాడు. మన పిల్ల ఉండగా నీకేంటి భయం అన్నాను. ఆ మాటకి ఒప్పుకున్నాడు.

ఆసుపత్రి హాలు చల్లగా ఉంది. నేల ఎంత నున్నగా ఉందంటే బావ చెప్పులు విడిచి లోపలికి పోబోయాడు. నేనే వద్దని వేయించాను. టోకెన్ తీసుకుని కూర్చున్నాం. డాక్టరమ్మ చిన్న వయసావిడ. బావ చేతిని మెల్లగా ఎత్తి, పక్కకి తిప్పి, ఎక్కడ ఆగుతోందో చూసింది. భుజం కీలు చుట్టూ ఉండే సంచి బిగుసుకుపోయిందని చెప్పింది. స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఒకటి కీలులోకి ఇస్తే నొప్పి తగ్గుతుంది, ఆ వెసులుబాటులో రోజూ చెయ్యి తిప్పుతూ ఉండాలి, కొన్ని వారాలకి రెండోది ఇవ్వాలి, అది మానేస్తే మళ్ళీ బిగుసుకుంటుంది అంది. చీటీ రాసి కౌంటర్ దగ్గరికి పంపింది.

ఇక్కడ మా పనివాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. మాకు బేరాలు కొత్త కాదు. మేకుల కొట్టువాడు నన్ను చూస్తే నిట్టూరుస్తాడు. కానీ మనవాళ్ళ దగ్గర ధర అడగం. ఒక వడ్రంగి ఇంకో వడ్రంగి షాపులో పని చేయించుకుంటే, ఎంతవుతుందని ముందు అడగడు. అడిగితే, నువ్వు నన్ను ముంచుతావేమోనని మొహం మీద అన్నట్టే. పనయ్యాక అవతలివాడు చెప్పింది ఇచ్చేస్తాడు. అవతలివాడూ న్యాయంగానే చెప్తాడు. మా నాన్న కాలం నుంచీ అంతే. దానివల్ల మేం ఎప్పుడూ నష్టపోలేదు.

కౌంటర్ దగ్గర బావ చీటీ ఇచ్చి, కౌంటర్ అమ్మాయి వైపు వంగాడు.

"ఈ ఇంజెక్షన్ ఎంత..." అన్నాడు.

నేను అతని మంచి చెయ్యి పట్టుకుని నొక్కాను. గట్టిగానే నొక్కాను. అప్పుడే నా కూతురు స్టోర్ తలుపు తీసుకుని బయటికొచ్చి, పెట్టెలు కోసే చాకు చేతిలో పట్టుకుని కాస్త దూరంలో నిలబడింది. తెల్ల కోటు, జేబు మీద పేరు. దాని వెనకే ఎవరో పెద్దావిడ, అద్దం గదిలోంచి చూస్తోంది. మన పిల్ల పరువు పోతుందని నాకు అనిపించింది.

"మన ఇల్లు లాంటిది బావా, ఇక్కడ బేరమేంటి" అన్నాను.

బావ నాలుక కరుచుకుని, ఏం లేదమ్మా, ఎంతసేపు పడుతుందని అడుగుతున్నాను అని సర్దేశాడు. కౌంటర్ అమ్మాయి పక్కనే ఉన్న కాగితాల కట్ట వైపు చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. నా కూతురు నా వంకే చూస్తోంది. నేను దానికేసి తల ఊపాను, చూశావా నీ పరువు ఎలా కాపాడానో అన్నట్టు. అది ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది.

ఇంజెక్షన్ గదిలో నర్సు చిన్న గాజు సీసాలోంచి పాలలాంటి మందు లాగి బావ భుజంలోకి ఎక్కించింది. బావ కళ్ళు మూసుకుని, బరమాతో బెజ్జం వేస్తున్నట్టుందని గొణిగాడు. సీసా చక్కగా ఉంది, బొటనవేలంత, నీలం గీత ఉన్న కాగితం అంటించి. సానరాయి మీద వేసే నూనెకి బాగుంటుందని నర్సుని అడిగాను. ఆవిడ నవ్వి, పారేయాల్సింది, ఎవరికీ చూపించకండి అంటూ ఇచ్చింది.

బిల్లు వచ్చింది. బావ కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాడు. నేనే చదివాను. డాక్టరమ్మ చూసినందుకు ఒక గీత. గదికి ఒక గీత. సూదికీ దూదికీ ఒక గీత. ఇంజెక్షన్ పొడిచినందుకు ఇంకో గీత. అవన్నీ సరే. చివరి గీతలో మందు. ఆ అంకె చూసి ముందు అది మొత్తమేమో అనుకున్నాను. కాదు, మొత్తం కింద వేరే ఉంది. మా లెక్కలో చెప్పాలంటే, మడతబందులతో, గొళ్ళెంతో సహా బిగించి ఇచ్చిన వీధి తలుపు ధర.

బావకి చదివి వినిపించాను. అతను కాసేపు భుజం నిమురుకున్నాడు.

"మీ ఆసుపత్రి వాళ్ళు ఇందులో బంగారం కలిపారేమోరా. నేను పోయాక వెంటనే కాల్చకండి, ముందు భుజం కడిగి చూడండి" అన్నాడు.

నవ్వాం. కానీ నాకు లోపల ఏదో గుచ్చుకుంది. మంచి మందు అయ్యుంటుంది, అందుకే అంత అని సర్దిచెప్పుకున్నాను. దగ్గరున్నది కట్టేసి, మిగతాది వారంలో కడతామని రాసిచ్చి వచ్చాం.

రెండు రోజుల తర్వాత షాపుకి వెళితే అటక ఖాళీగా ఉంది.

ఆ అటక మీద టేకు పలకలుండేవి. పాత భవనం ఒకటి పడగొట్టినప్పుడు బావ కొన్న దూలాలు కోయించి పెట్టినవి. ఆరి ఆరి, వేలితో కొడితే మోగేవి. వాటితో మా అక్కకి బట్టల బీరువా చేస్తానని బావ మాటిచ్చాడు. ఊరందరికీ బీరువాలు చేసిన మొగుడుండి అక్క చీరలు ఇంకా రేకు పెట్టెలోనే ఉన్నాయి. ఎవరి పనో ఒకటి అడ్డం రావడం, ఈ పని వెనక్కి పోవడం. అక్క నెలకోసారి షాపులోకి వచ్చి అటక వంక చూసి, నా బీరువా ఎలా ఉంది, బాగా నిద్రపోతోందా అని అడిగి వెళ్ళేది.

ఆ పలకల మీద కుర్చీల కాంట్రాక్టరుకి ఎప్పటినుంచో కన్ను. బావ అతనికే ఇచ్చేశాడు. బిల్లు కట్టేశాడు. నేను ఎలాగా అని అడిగితే, చెయ్యి వస్తే చెక్క కొనుక్కుంటాం, చెక్క ఉంటే చెయ్యి రాదు కదా అన్నాడు. అక్కకి మాత్రం పలకలకి పురుగు పట్టింది, పాడవకముందే అమ్మేశానని చెప్పాడట. అక్క సరేనందట.

చెయ్యి మాత్రం నిజంగానే కదిలింది. ముందు గుండీల దాకా, తర్వాత గడ్డం దాకా, ఆ తర్వాత చెవి దాకా లేచింది. చిత్రిక మళ్ళీ పొట్టు లేపింది, కొంచెం కొంచెం. నేను లోలోపల పొంగిపోయాను. నా మాట మీద వచ్చాడు, బాగుపడ్డాడు అనుకున్నాను. పక్క వీధి తాపీమేస్త్రీ మోకాలు పట్టేసిందంటే అతనికి కూడా ఆసుపత్రి పేరు చెప్పాను.

అరలు తయారయ్యాక మందుల షాపులో బిగించడానికి నేనొక్కణ్ణే వెళ్ళాను. ఒక అర పక్కనున్న దానితో ఒదగలేదు. ఉలి పదును పెడదామని సానరాయి తీసి, జేబులోంచి సీసా తీసి రెండు చుక్కలు వేశాను. షాపాయన గల్లా దగ్గరినుంచి ఆ సీసా చూశాడు.

ఎవరికి పొడిచారు పెద్దాయనా, అని అడిగాడు. మా బావకి, భుజంలోకి అని చెప్పాను. మంచి మందే, పాతది, ఇప్పుడు ఏ కంపెనీ అయినా చేసుకోవచ్చు, జనరిక్ అంటారు, అందుకే చవక అన్నాడు. చవక అన్న మాట నాకు సరిగ్గా వినిపించలేదేమో అనుకున్నాను. ఎంతని అడిగాను. చెప్పాడు.

నేను నవ్వాను. ఆయన పరాచికం ఆడుతున్నాడనుకున్నాను. ఆయన వెనక అరలోంచి పెట్టె తీసి నా ముందు పెట్టాడు. అవే సీసాలు. అదే నీలం గీత, అదే పేరు. పెట్టె మీద ఆయన అమ్మే ధర చీటీ అంటించి ఉంది.

నా చేతిలో గరుకు కాగితం ఉంది, అరల అంచులు రుద్దడానికి తెచ్చింది. ఆ కాగితం ధరా ఆ సీసా ధరా ఇంచుమించు ఒకటే.

ఎంత వేశారేమిటి అని షాపాయన అడిగాడు. నేను నీళ్ళు నమిలాను. ఎంతో కొంత వేశారులే అన్నాను. ఎక్కడ అని అడుగుతాడేమోనని భయపడి వంగి ఆ అర కిందికి దూరాను. ఊళ్ళో అందరికీ తెలుసు మా అమ్మాయి ఎక్కడ పనిచేస్తుందో. నేనే చెప్పాను అందరికీ. అర బిగించడం అయిపోయాక కూడా కాసేపు అక్కడే కింద కూర్చున్నాను. తల కొట్టేసినట్టుంది.

ఇంటికెళ్ళేసరికి నా కూతురు ఉతికిన బట్టలు మడతపెడుతోంది. సీసా తీసి బల్ల మీద పెట్టాను. అది చూసింది. ఎక్కడిదని అడగలేదు.

"మందుల షాపాయన ధర చెప్పాడు" అన్నాను.

"ఎంత చెప్పాడు?"

చెప్పాను.

"మాకు అంతకన్నా తక్కువకే వస్తుంది నాన్నా" అంది.

నేను కూర్చున్నాను. అది మడతపెట్టిన చొక్కా విప్పి మళ్ళీ మడతపెట్టింది. అడక్కుండానే చెప్పుకొచ్చింది. పెట్టెలు విప్పేది తనే కాబట్టి ఏది ఎంతకి వస్తుందో తెలుసట. కంప్యూటర్‌లో ఎక్కించగానే దానంతట అది ఇన్ని రెట్లని వేసుకుంటుందట. ఖరీదైన మందు మీద తక్కువ రెట్లు, చవక మందు మీద ఎక్కువ రెట్లు. చవకది ఎన్ని రెట్లయినా పెద్దగా కనపడదు కదా అని. ఆ డబ్బు ఎటు పోతుందని అడిగాను. కరెంటుకి, ఊడ్చేవాళ్ళకి, కట్టలేక వెళ్ళిపోయేవాళ్ళ ఖర్చుకి, పై వాళ్ళకి అంది. కాస్త ఆగి, "నా జీతానికి కూడా" అంది.

నా కళ్ళజోడు దాని మొదటి జీతంతో కొన్నది. తీసి బల్ల మీద పెట్టాను. ఎందుకు తీశానో నాకే తెలీదు.

"మామయ్యకి ఒక మాట చెప్పాల్సింది" అన్నాను.

"మీరు అడుగుతారనుకున్నాను."

"ఏంటి?"

"ముందు ధర అడిగినవాళ్ళకి కౌంటర్‌లో చెప్పాలి. చెప్పి, కాగితం ఇవ్వాలి. మందు బయట కొని తెచ్చుకుంటామంటే సంతకం పెట్టించుకుని సరేనంటారు. అడగనివాళ్ళకి మేం చెప్పకూడదు. అదీ అక్కడి పద్ధతి. మామయ్య అడుగుతాడు, నువ్వయితే తప్పకుండా అడుగుతావు, మేకు మేకుకి బేరమాడతావు కదా అనుకున్నాను. అందుకే బయటికొచ్చి నిలబడ్డాను. ఆ అమ్మాయి కాగితం తీయబోయింది కూడా."

చొక్కా పక్కన పెట్టింది.

"నువ్వు ఆయన చెయ్యి నొక్కావు. ఎందుకు నాన్నా?"

"నీ చోటు కదా" అన్నాను. "మనవాళ్ళ దగ్గర అడక్కూడదని."

అది ఇంకో చొక్కా చేతిలోకి తీసుకుంది. తర్వాత చెప్పింది. తనొక్క మాట అని ఉంటే అయిపోయేదట. అడుగు మామయ్యా అని కళ్ళతో అన్నా చాలట. అద్దం గదిలో సూపర్‌వైజర్ ఉంది. ఆవిడ ముందు, మా ఇంటివాళ్ళు ఇంజెక్షన్‌కి బేరమాడే వాళ్ళని అనిపించుకోవడం తనకీ ఇష్టం లేకపోయిందట. నువ్వు చెయ్యి నొక్కగానే నాకు కోపం రాలేదు నాన్నా, హమ్మయ్య అనిపించింది, అంది. ఆ మాట అనేటప్పుడు దాని తల పూర్తిగా వంగిపోయింది. అత్త బీరువా చెక్క సంగతి దానికి అప్పటిదాకా తెలీదు. నేను చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో. కానీ ఆ రోజు నా నోట్లో మేకులు లేవు.

మర్నాడు బావకి చెప్పాను. అతను ఒక అంచుని గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. నేను అంతా ఒకే వరసలో చెప్పేశాను, మధ్యలో ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని. అడిగితే చెప్పేవాళ్ళని, అడగబోతే నేనే ఆపానని, పిల్ల కూడా ఊరుకుందని. మందు ధర ఎంతో చెప్పడానికి అతని చేతిలో కాగితం చూపించాను.

బావ ఆ కాగితాన్ని తిప్పి వెనక కూడా చూశాడు. నేను తిట్టుకి సిద్ధంగా ఉన్నాను. కనీసం ఎగతాళికి. ఇన్నేళ్ళలో నా మీద ఒక పరాచికం ఆడకుండా అతను వదిలేసిన సందర్భం లేదు. ఆ రోజు వదిలేశాడు. మళ్ళీ అంచు రుద్దడం మొదలుపెట్టాడు. అది అప్పటికే నున్నగా ఉంది.

"మీ అక్కకి చెప్పకు" అన్నాడు చివరికి. "చెక్క పోతే పోయింది. ఆ పిల్లని మీ అక్క తన చేతుల్లో పెంచింది."

సరేనన్నాను. రెండో ఇంజెక్షన్ రోజు దగ్గర పడిందని గుర్తు చేశాను. వద్దులేరా, వచ్చింది చాలు, చెవి దాకా లేస్తోంది, అంతకన్నా పైన నాకేం పని అన్నాడు. అతని భుజం పొద్దున పూట మళ్ళీ బిగుస్తోందని నాకు తెలుసు. చిత్రిక తోసేటప్పుడు పళ్ళు బిగపట్టడం చూస్తున్నాను. డబ్బు మాటే అయితే ఏదో చేసేవాళ్ళం. అది కాదు.

"ఆ కౌంటర్ ముందు నన్ను మళ్ళీ నిలబెట్టకు" అన్నాడు.

"నువ్వు కూర్చో. నేను నిలబడతాను" అన్నాను.

ఎంత చెప్పినా వినలేదు. నేను కూడా వదల్లేదు. అతను వస్తేనే షాపు తీస్తానని తాళం జేబులో వేసుకుని గుమ్మంలో కూర్చున్నాను. పోయేవాళ్ళు చూస్తున్నారు. బావకి నవ్వొచ్చింది. మేకుల నోరు ధర్నా చేస్తోందని అందరికీ చెప్పి, చొక్కా మార్చుకుని వచ్చాడు.

దారిలో మందుల షాపులో సీసా కొన్నాను. జేబులో చిల్లరతో సరిపోయింది. ఆ చిల్లర ఇస్తుంటే చెయ్యి ఎందుకో సిగ్గుపడింది.

కౌంటర్ దగ్గర వరస ఉంది. మా వంతు వచ్చింది. అదే అమ్మాయి. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

"ఈ ఇంజెక్షన్ ఎంత?"

మీరు స్టోర్ మేడం వాళ్ళ నాన్నగారు కదా అంది. అవునన్నాను. మళ్ళీ అడిగాను. ఆ అమ్మాయి నా మొహం చూడకుండా అంకె చెప్పింది. నా వెనక వరసలో ఎవరో అమ్మో అన్నారు.

"మందు మేమే తెచ్చుకుంటే?"

ఆ అమ్మాయి నా భుజం మీదుగా వెనక్కి చూసింది. తిరిగి చూస్తే నా కూతురు. ఈసారి దూరంగా నిలబడలేదు. నా పక్కకి వచ్చింది. మొహం ఎర్రగా కందిపోయి ఉంది. కట్టలోంచి కాగితం తనే తీసింది.

"సంతకం ఇక్కడ నాన్నా" అని వేలు పెట్టి చూపించింది.

పెట్టాను. నా సంతకం పెద్దది, గీత దాటిపోతుంది. అద్దం గదిలో పెద్దావిడ లేచి నిలబడింది. మా వెనక, చేతికి కట్టు కట్టుకున్న ఒకావిడ, బయట తెచ్చుకోవచ్చా అయితే, మాకు చెప్పలేదే అని అడుగుతోంది. కౌంటర్ అమ్మాయి ఇంకో కాగితం తీయక తప్పలేదు. నాకు గెలిచినట్టేమీ లేదు. ఈ రెండు మాటలు ఆ రోజు అడిగి ఉంటే అక్క బీరువా అటక మీదే ఉండేది అని మాత్రం అనిపించింది.

డాక్టరమ్మకి, పొడిచినందుకు, గదికి ఎంతో అంతా కట్టాం. అది కూలి. కూలి ఇవ్వడానికి మేం ఎప్పుడూ వెనకాడం.

సాయంత్రం నా కూతురు ఆలస్యంగా ఇంటికొచ్చింది. ఆసుపత్రిలో పిలిచి మాట్లాడారట. ఏమన్నారో చెప్పలేదు. నేను అడగలేదు. కంచాలు పెట్టుకుని కూర్చున్నాం. ఈ అడగకపోవడం కూడా అదే జబ్బు అని నాకు తట్టింది.

"ఏమన్నారు?" అని అడిగాను.

"ఇంట్లోవాళ్ళకి నేర్పించి తీసుకురావద్దన్నారు" అంది. "నేను నేర్పలేదు, నేర్పాల్సిందని చెప్పాను."

ఉద్యోగం ఉంటుందా అని కూడా అడిగాను. తెలీదంది. ఇప్పటికి ఉంది.

బావ చెయ్యి తలపైకి లేచింది. ఒకరోజు ఆ చేత్తో అటక మీద దుమ్ము తుడిచాడు. ఇద్దరం వెళ్ళి మామూలు చెక్క కొనుక్కొచ్చాం. టేకు కొనే స్తోమత ఇప్పట్లో లేదు. అక్క బీరువా మొదలుపెట్టాం.

చట్రం నిలబెట్టిన రోజు అక్క టీ పట్టుకుని షాపులోకి వచ్చింది. బావ చిత్రిక పడుతున్నాడు. నేను వెనక పలక కొడుతున్నాను, నోట్లో మేకులున్నాయి. అక్క గ్లాసులు బల్ల మీద పెట్టి, చెక్క మీద చెయ్యి వేసింది.

ఇది టేకు కాదే, అంది.

టేకుకి పురుగు పట్టిందని చెప్పాను కదా, అన్నాడు బావ చిత్రిక ఆపకుండా.

"వడ్రంగితో ఇన్నేళ్ళు కాపరం చేశాను. ఎండి మోగుతున్న టేకుకి పురుగు పట్టిందంటే నమ్ముతానా?" అంది అక్క. "మీ అంతట మీరే చెప్తారని ఊరుకున్నాను. ఇంకా చెప్పరే."

చిత్రిక ఆగింది. ఈసారి భుజం వల్ల కాదు. అబద్ధమాడడానికి బావకి పురుగే దొరికింది, అదీ టేకులో. తొందరలో అతను మర్చిపోయాడు, ఎవరితో చెప్తున్నాడో. అక్క అతన్ని వదిలేసి నా వైపు తిరిగింది.

"నువ్వు చెప్పరా" అంది.

బావ నా వంక చూసి తల అడ్డంగా ఊపాడు. నోట్లో మేకులున్నాయి. ఉంచుకోవచ్చు. అందరికీ అలవాటే, అక్కకి కూడా. ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెట్టాను.

చెప్పాను. చెక్క ఎందుకు అమ్మాడో, ఆ ఇంజెక్షన్ ఎంత, దానికి ఎంత వేశారు, అడిగితే ఏమయ్యేది, అడగబోయిన వాణ్ణి ఎవరు ఆపారు. కళ్ళు నేల మీదే ఉన్నాయి. పొట్టులో అక్క పాదాలు కనిపిస్తున్నాయి.

"పిల్లకి తెలుసా?" అని అడిగింది.

బావ ఏదో అనబోయాడు. నేను తెలుసన్నాను.

అక్క పాదాలు కదల్లేదు.  దాన్ని ఆదివారం రమ్మను అంది. కోప్పడడానికో, అన్నం పెట్టడానికో ఆ గొంతులో నాకు తెలియలేదు. రెండూ అయ్యుండొచ్చు.

తర్వాత చెక్కని గోటితో గీకి చూసింది.

"దీన్ని ఎంతకి కొన్నారు?"

చెప్పాను. రసీదు కూడా తీసి ఇచ్చాను. అక్కకి చదవడం రాదు, అయినా తీసుకుని మడతపెట్టి చేతిలో పెట్టుకుంది.

"మేకులు?" అంది.

మేకుల ధర కూడా చెప్పాను.